చివరి అచ్చు

వేసవి సెలవుల తరవాత బడి తెరిచిన రోజున సూర్యకుమారి స్టాఫ్ రూములో లాప్‌టాప్ తెరిచి, ఏడో తరగతి కొత్త పాఠం వినడానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. మొదటి వాక్యం వినగానే తీసేసింది. వైరు సరిగా గుచ్చుకోలేదేమోనని తడిమి చూసుకుని మళ్లీ పెట్టుకుంది.

"అమ్మ్ పడవ్ మీద్ కూర్చుని వల్ అల్లుతోంది," అంది లోపలి గొంతు.

"ఏమైందక్కా?" అని అడిగింది పక్క కుర్చీలో ఉన్న లెక్కల టీచరు వాణి.

"చిలుకకి జబ్బు చేసినట్టుంది," అంది సూర్యకుమారి. అప్పటికింకా నవ్వుతూనే ఉంది.

ఆమెకి నలభై నాలుగేళ్లు. సొంతవూరు పెడన. మగ్గాల మధ్య పుట్టి పెరిగింది. తొమ్మిదో ఏట తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి. బ్రెయిలీలో చదువుకుని, తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, నాగాయలంక దారిలో ఉన్న ఒక హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరి పదిహేడేళ్లయింది. అవనిగడ్డలో గది అద్దెకి తీసుకుని తల్లితో ఉంటుంది. పొద్దున్నే కర్ర పట్టుకుని బస్సెక్కి బడికి వెళ్తుంది.

బ్రెయిలీలో పాఠ్యపుస్తకాలు దొరికేవి గాని, మిగతా పుస్తకాలు దొరికేవి కావు. కథ చదవాలన్నా, పేపరు చదవాలన్నా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. చదివే వాళ్లకి పని తగిలితే కథ సగంలో ఆగిపోయేది. అలా సగంలో ఆగిపోయిన కథలు ఆమె మనసులో చాలా ఉన్నాయి. పదకొండేళ్ల కిందట విజయవాడలో జరిగిన ఒక శిబిరంలో ఎవరో ఆమె లాప్‌టాప్‌లో చిలుకని వేసి ఇచ్చారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంటుంది. దానికి తెలుగు గొంతునిచ్చేది చిలుక. డబ్బు కట్టనక్కర్లేదు. అది ఎవరి సొత్తూ కాదని, దాని లోపలి రాతంతా అందరికీ తెరిచే ఉంటుందని, తెలిసినవాళ్లు ఎవరైనా దిద్దుకోవచ్చని, పదిమందికీ పంచుకోవచ్చని శిబిరంలో చెప్పారు. ఆ మాట సూర్యకుమారికి ఎంతగానో నచ్చింది. ఊరుమ్మడి బావిలాంటిదన్నమాట అనుకుంది.

ఆ గొంతు మరీ అంత మధురమైందేమీ కాదు. జలుబు చేసిన మగమనిషి మాట్లాడుతున్నట్టుండేది. కాని ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. 'చాప' అన్నప్పటి చకారం వేరు, 'చేప' అన్నప్పటి చకారం వేరు. ఆ తేడా చెప్పడానికి ఆమె పిల్లలతో వారం రోజులు కుస్తీ పట్టేది. చిలుకకి అది తెలుసు. 'సంవత్సరం'లో సున్నాని ఎలా పలకాలో, 'సింహం'లో ఎలా పలకాలో దానికి తెలుసు. ఆ గొంతుతోనే ఆమె పదకొండేళ్లలో మూడొందల పైచిలుకు పుస్తకాలు విన్నది.

ఇప్పుడది సెలవుల్లో తనంతట తాను అప్‌డేట్ అయింది.

తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు ఉంటుంది, దాన్ని నోరారా పలకాలి అని ఏటా ఆరో తరగతి పిల్లలకి మొదటి వారంలోనే చెబుతుంది ఆమె. కొత్త చిలుక చివరనున్న అకారాన్ని ఎక్కడికక్కడ మింగేస్తోంది. కృష్ణని కృష్ణ్ అంటోంది. కింద, లోపల, వద్ద, వచ్చిన, చేసిన, అన్నీ కాళ్లు విరిగిన మాటలే. మాట మధ్యలో ఉన్న అచ్చును కూడా వదలడం లేదు. 'కడలి'ని 'కడ్లి' అంటోంది. వింటుంటే ఎవరో భోజనంలో ప్రతి ముద్దకీ ఒక రాయి వేసి పెడుతున్నట్టుంది.

ఆ సాయంత్రం బడి వదిలాక వాణి కూర్చుని సాయం చేసింది. చిలుక వెబ్‌సైట్లో వాడేవాళ్ల కోసం పెద్ద పుస్తకమంత వివరం ఉంది.

"అబ్బ, ఎంత శుభ్రంగా రాశారక్కా! ఇదిగో, 'చివరి అచ్చు పలకకపోతే ఏం చేయాలి' అని ఏకంగా మన గురించే ఉంది."

"చదువు, చదువు."

"భాష అనే చోటుకి వెళ్లాలంట. అందులో 'ఉచ్చారణ' అని ఉంటుందంట. దాని కింద 'అచ్చులను ఉంచు' అనే మీట నొక్కాలంట."

వాణి వెతికింది. భాష ఉంది. ఉచ్చారణ లేదు. పైనుంచి కిందదాకా మూడుసార్లు వెతికింది. మరో పేజీలో ఫలానా ఫైలు మార్చాలని రాసి ఉంది. ఆ పేరుతో కంప్యూటర్లో ఫైలే లేదు. ఇంకో పేజీలో పాత వెర్షన్ దించుకోవచ్చని ఉంది. నొక్కితే, మీరడిగిన పేజీ లేదని వచ్చింది. 'తెలుగు నియమాలు' అనే పేజీ తెరిస్తే అందులో ఒకే ఒక వాక్యం ఉంది. ఈ భాగం త్వరలో రాయబడుతుంది.

"మీట లేకుండా మీట ఉందని ఎవరు రాశారే?" అంది సూర్యకుమారి.

వాణి కాసేపు చూసి, "మనుషులు రాసినట్టు లేదక్కా. ఈ మధ్య ఇలాంటివన్నీ మిషన్‌తో రాయిస్తున్నారు కదా. చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి," అంది.

ఇద్దరూ కలిసి ఇంగ్లీషులో ఫిర్యాదు రాశారు. ఏయే మాటలు ఎలా పలుకుతోందో నలభై ఉదాహరణలిచ్చారు. పంపిన నిమిషంలోనే జవాబొచ్చింది. మీ సహకారానికి కృతజ్ఞతలు, మరిన్ని వివరాలు జతచేయండి అని. జతచేశారు. తరవాత ఇంకేమీ రాలేదు. సరిగ్గా అరవై రోజులకి, ఎవరూ స్పందించనందువల్ల ఈ ఫిర్యాదును మూసివేస్తున్నామని ఇంకో ఉత్తరం వచ్చింది.

"స్పందించాల్సింది వాళ్లే కదే!" అంది సూర్యకుమారి.

"వాళ్లెవరో ఉంటేగా అక్కా," అంది వాణి.

బందరులో ఒక బ్యాంకులో పనిచేసే దేవసహాయం గారు ఆమెకి శిబిరం నాటి నుంచి పరిచయం. ఆయనకీ చూపు లేదు. ఫోన్ చేసి అడిగితే ఆయన నిదానంగా చెప్పాడు. "నేను తెలుగు వినడం మానేశానమ్మా. ఆఫీసు పనంతా ఇంగ్లీషులోనే. ఇంటికెళ్లాకా ఇంగ్లీషే పెట్టుకుంటున్నాను. తెలుగు పేపరు మా ఆవిడ ఎప్పుడన్నా చదివితే వింటాను, లేకపోతే లేదు."

"నేను తెలుగు టీచర్నండీ," అంది సూర్యకుమారి.

"అవునమ్మా," అన్నాడాయన.

ఆగస్టు చివర్లో, పాత పెన్‌డ్రైవ్ ఒకటి దొరికితే వాణి అందులో వెతికింది. చిలుక మొదటి వెర్షన్‌తో వచ్చిన చిన్న కాగితం లాంటి ఫైలు ఉంది. అందులో రెండే పంక్తులు. తయారుచేసినది: చంద్రశేఖర్, గుడివాడ. కింద ఫోన్ నంబరు.

ఆ నంబరు పనిచేస్తుందన్న ఆశ లేకుండానే చేసింది సూర్యకుమారి. నాలుగు రింగులకి ఎత్తారు. ఆమె తనెవరో చెప్పి, చిలుక గురించి చేశానంది.

"చిలుకా?" అన్నాడాయన. "అది ఇంకా ఎవరైనా వాడుతున్నారాండీ?"

"పదకొండేళ్లుగా నేను వాడుతున్నానండీ."

"పాడైందా?"

"అరె, ఎలా కనిపెట్టారు?"

"బాగున్నప్పుడు ఎవరూ ఫోన్ చెయ్యలేదు లెండి," అన్నాడాయన. నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టుగా అన్నాడు. సూర్యకుమారికి సిగ్గేసింది. పదకొండేళ్లలో ఈ గొంతు ఎవరు చేసి ఉంటారన్న ఆలోచన ఆమెకి ఒక్కసారి కూడా రాలేదు.

ఆయన రమ్మంటే, ఆ వచ్చిన ఆదివారం ఆమె లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఒక్కతే బయల్దేరింది. చల్లపల్లిలో సగం బస్సు ఖాళీ అయింది. కూచిపూడి దాటాక వాన మొదలై, పామర్రు వచ్చేదాకా కిటికీ రేకు మీద మోగుతూనే ఉంది. గుడివాడ బస్టాండులో చంద్రశేఖర్ గొడుగుతో నిలబడి ఉన్నాడు. యాభై దాటినవాడు. ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పేవాడు. ఇప్పుడు చేపల మేత తయారుచేసే కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. దారిలో ఆటోలో చిలుక గురించి ఒక్క మాటా ఎత్తలేదు. వాన గురించీ, చెరువుల గురించీ మాట్లాడాడు.

ఇంట్లో ఆయన భార్య దుర్గాదేవి కాఫీ ఇచ్చింది. సూర్యకుమారి లాప్‌టాప్ తెరిచి, కొత్త చిలుక చేత ఒక పేరా చదివించింది. చంద్రశేఖర్ రెండు వాక్యాలు విని, "ఆపండి టీచర్ గారూ," అన్నాడు.

కాసేపటికి ఆయనే చెప్పుకొచ్చాడు. వాళ్లక్క సత్యవతమ్మకి షుగరు వల్ల చూపు పోయింది. పిల్లల్లేరు, భర్త పోయాడు, తమ్ముడి ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే పేపరు, మధ్యాహ్నం సీరియల్ చదివి వినిపించమనేది. ఆయన కాలేజీకి వెళ్తే చదివేవాళ్లు లేరు. అందుకని చిలుకని తయారుచేశాడు. నాలుగేళ్లు పట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి ఒక మాట పలికించేవాడు. పక్కన మంచం మీద కూర్చుని అక్క 'కాదు' అనేది. మార్చేవాడు. మళ్లీ 'కాదు' అనేది.

"అక్క ఐదో తరగతేనండీ చదివింది. కాని చెవి మాత్రం... 'చలి'లో చకారం బాగులేదురా, మనిషికి చలేసినట్టు లేదు అనేది. దానికోసం తొమ్మిది రోజులు తిప్పలు పడ్డాను."

"తరవాత?"

"ఆరేళ్ల కిందట పోయింది. దాన్ని తెరవబుద్ధి కాలేదండీ. అప్పుడే ఎవరో కుర్రాళ్లు మెయిల్ పెట్టారు, మేం చూసుకుంటాం మాకివ్వండి అని. మంచిదే కదా అని తాళాలిచ్చేశాను. వాళ్లు ఇంకెవరికో ఇచ్చినట్టున్నారు. ఇప్పుడు చూస్తున్నవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరూ ఉన్నట్టు లేదు. మన దేశంలో భాషలన్నిటికీ కలిపి ఒకే నియమం పెట్టేశారు. హిందీకి అది సరిగ్గానే ఉంటుంది. వాళ్లు రామ్ అంటారు కదా."

"మీ పాత నియమాలున్నాయి కదండీ. అవి పెట్టెయ్యొచ్చు కదా?"

చంద్రశేఖర్ తన పాత ఫైలు తెరిచాడు. ఆమెకి అతని కుర్చీ కిర్రుమనడం, మౌస్ చక్రం తిరగడం వినిపిస్తున్నాయి. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది.

"ఇక్కడ ఏడు అని ఎందుకు వేశానో తెలియడం లేదు," అన్నాడు. "కింద పన్నెండు ఉంది. దీన్ని తీసేస్తే ఇంకోచోట తేడా వస్తోంది. ఎందుకొస్తోందో..."

"పక్కన ఏమీ రాసుకోలేదా?"

"రాశాను."

"ఏం రాశారు?"

వాకిట్లో నిలబడి ఉన్న దుర్గాదేవి లోపలికొచ్చి తెర చూసి, తనే చదివింది. "అక్క చెప్పింది. కింద మళ్లీ, అక్క చెప్పింది. అక్క చెప్పింది. అన్నిచోట్లా అదేనండీ."

"ఏం చెప్పింది?" అంది సూర్యకుమారి.

"అదే గుర్తు లేదండీ," అన్నాడు చంద్రశేఖర్.

సూర్యకుమారికి కోపం ముంచుకొచ్చింది. ఎవరి ఇంట్లో కూర్చుందో, ఎవరి కాఫీ తాగిందో ఆ క్షణాన గుర్తు రాలేదు. "మేమిన్నేళ్లు దీని మీద బతికామండీ. ఒక్క ముక్క రాసి పెట్టలేకపోయారా? ఎందుకిలా ఉండాలో ఒక్క వాక్యం?"

"పక్కనే ఉండేది కదండీ," అన్నాడాయన. "అడిగితే చెప్పేది. రాసుకోవాలని తోచలేదు."

తిరుగు బస్సు ఎక్కించేటప్పుడు ఆయన, "వచ్చే ఆదివారం రాగలరాండీ?" అని అడిగాడు. "మళ్లీ మొదట్నుంచీ చూద్దాం. మీరు వినండి, నేను మారుస్తాను. ఈసారి రాద్దాం."

ఆమె వరసగా ఏడు ఆదివారాలు వెళ్లింది. సత్యవతమ్మ కూర్చునే మంచం మీదే కూర్చునేది. ఆయన ఒక మాట పలికించేవాడు. ఆమె 'కాదు' అనేది. మొదటిసారి ఆమె అలా అన్నప్పుడు వంటింట్లో దుర్గాదేవి చేతిలోని గిన్నె చప్పుడు ఆగిపోయింది.

ప్రతి నియమానికీ ఎందుకు అన్నది సూర్యకుమారి స్వయంగా టైపు చేసింది. పదిహేడేళ్లు పాఠాలు చెప్పిన మనిషి కనుక, ఏమీ తెలియనివాడు చదివినా అర్థమయ్యేలా రాసింది. 'చాప అనేటప్పుడు నాలుక కొస పళ్ల వెనక తగలాలి. చేప అనేటప్పుడు తగలకూడదు. చకారం తరవాత వచ్చే అచ్చును బట్టి ఇది మారుతుంది. పరీక్షించడానికి ఈ మాటలు పలికించి చూడండి: చలి, చిలుక, చూరు, చెరువు.' అలా నలభై ఒక్క నియమాలయ్యాయి. అందులో కొన్ని ఆయన పాత ఏడుకీ, పన్నెండుకీ అర్థం చెప్పాయి. కొన్నిటి సంగతి ఇద్దరికీ అంతు పట్టలేదు. వాటిని అలాగే ఉంచి, 'కారణం తెలియదు, తీస్తే చెడుతుంది' అని నిజం రాశారు.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం చిలుక పాత గొంతుతో ఒక పేజీ ఆసాంతం తప్పు లేకుండా చదివింది. దుర్గాదేవి కూడా వచ్చి నిలబడి వింది. చంద్రశేఖర్ ముక్కు చీదుకుని, బజారు నుంచి ఏదో తేవాలంటూ బయటికి వెళ్లాడు.

మార్చిన నియమాలనీ, రాసిన వివరాన్నీ కలిపి చిలుకని చూసుకునేవాళ్లకి పంపారు. ఈసారి మనిషే జవాబిచ్చాడు, మూడు వారాలకి. చంద్రశేఖర్ ఫోన్‌లో చదివి చెప్పాడు. చాలా మర్యాదగా ఉంది. ఇంత శ్రద్ధగా రాసిన వివరం మేమెన్నడూ చూడలేదన్నాడు. అయితే ఒక్కో భాషకి విడివిడిగా నియమాలు పెట్టుకోవడం ఇక మానేశామన్నాడు. ఉన్నది ఇద్దరమే, జీతం లేని పని, పాతిక భాషల్ని విడివిడిగా చూడలేమన్నాడు. రాబోయే వెర్షన్‌లో మనుషుల గొంతుల రికార్డింగుల నుంచి మిషనే స్వయంగా నేర్చుకుంటుందనీ, తెలుగు రికార్డింగులు ప్రస్తుతానికి తగినన్ని లేవనీ, మీ మార్పులు మీ కంప్యూటర్లో మీరు నిరభ్యంతరంగా వాడుకోవచ్చనీ ముగించాడు.

"తిడదామన్నా తిట్టేలా లేదండీ," అన్నాడు చంద్రశేఖర్. "నేనూ ఒకప్పుడు అక్కడే కూర్చున్నాను కదా."

కనీసం తన కంప్యూటర్లో తన చిలుక ఉంది కదా అనుకుంది సూర్యకుమారి. అప్‌డేట్లన్నీ ఆపు చేయించుకుంది. నవంబరు నెలంతా, ఆరుబయట తుపాను వాన కొడుతుంటే, ఆమె మంచం మీద వాలి పుస్తకాలు వింది. జూన్‌లో సగంలో వదిలేసిన నవల పూర్తిచేసింది. ఆ నెల రోజులూ ఆమె ఎవరి మీదా విసుక్కోలేదని తల్లి తరవాత అంది.

డిసెంబరులో పిల్లల మార్కులు ఎక్కించే సైటు పాత బ్రౌజరులో తెరుచుకోవడం మానేసింది. కొత్త బ్రౌజరు కావాలంటే కంప్యూటర్ అప్‌డేట్ కావాలి. కంప్యూటర్ అప్‌డేట్ అయితే తెర చదివే ప్రోగ్రామూ అప్‌డేట్ కావాలి. మార్కులు ఎక్కించడానికి ప్రతి శనివారం గడువు. వాణి, "నేనెక్కిస్తాలే అక్కా, నీది కదపొద్దు," అని మూడు వారాలు లాక్కొచ్చింది. కాని సైటు ప్రతిసారీ సూర్యకుమారి ఫోనుకే ఓటీపీ అంకెలు పంపించి, ఆమె లాప్‌టాప్‌లోనే కొట్టమనేది. చివరికి అప్‌డేట్ కానిచ్చారు.

అప్‌డేట్ పూర్తయ్యాక చిలుక తప్పుగా పలకలేదు. అసలు పలకనే లేదు. కొత్త ప్రోగ్రాం పాత పద్ధతిలో చేసిన గొంతుల్ని పట్టించుకోదట.

చంద్రశేఖర్ లాప్‌టాప్ తనతో తీసుకెళ్లి పండగ సెలవులన్నీ దాని మీదే కూర్చున్నాడు. గొంతును కొత్త ప్రోగ్రాముకి అతికించాలంటే ఏం చేయాలో చెప్పే పేజీలు రెండొందల పైగా ఉన్నాయి. ఒక పేజీ చెప్పింది ఇంకో పేజీ కాదంటుంది. ఉదాహరణగా ఇచ్చింది చేస్తే ఉదాహరణే నడవదు. ప్రశ్నలడిగే చోట తను అడగబోయే ప్రశ్నే రెండేళ్ల కిందట ఎవరో అడిగారు. దాని కింద ఇంకో తొమ్మిదిమంది, 'నాకూ ఇదే ఇబ్బంది' అని రాశారు. జవాబు లేదు.

జనవరి నెలాఖరున ఆయన అవనిగడ్డ వచ్చి లాప్‌టాప్ ఇచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. సూర్యకుమారి తల్లి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు పట్టుకుని తాగకుండానే చెప్పాడు.

"నా వల్ల కాలేదు టీచర్ గారూ. నాకు తెలిసిన చదువు వేరు, ఇది వేరు. ఇరవై ఏళ్ల కుర్రాడికైతే ఏమన్నా చేతనవునేమో. ఆ ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది ఎందుకు పడుతుంది చెప్పండి?"

"మీరు చేసినంత ఎవరూ చెయ్యలేదండీ," అంది ఆమె.

"అక్క ఉంటే తిట్టేది," అన్నాడు. నీళ్లు తాగి, చీకటి పడకముందే బస్సెక్కేశాడు.

ఇక చేసేదేముంది? సూర్యకుమారి కొత్త గొంతే పెట్టుకుంది. పాఠాలు చూసుకోవాలి, సర్క్యులర్లు వినాలి, పేపర్లు తయారుచేయాలి. పొద్దునా సాయంత్రమూ ఆ గొంతే చెవుల్లో మోగేది. మొదట్లో ప్రతి మాటకీ ఒళ్లు జలదరించేది. తరవాత అర్థం చేసుకోవడానికి కష్టపడనక్కర్లేకుండా పోయింది. పడవ్ అంటే పడవ. వచ్చిన్ అంటే వచ్చిన.

ఫిబ్రవరిలో ఒక రోజు ఏడో తరగతికి ఉక్తలేఖనం పెట్టింది. ఇరవై మాటలు చెప్పింది, పిల్లలు రాశారు. పుస్తకాలు దిద్దేటప్పుడు ఎప్పటిలాగే వాణి పక్కన కూర్చుని పైకి చదువుతోంది. మూడో పుస్తకం దగ్గర ఆగింది. నాలుగో పుస్తకం తీసింది. ఐదోది తీసింది.

"ఏమే?"

"ఏం లేదక్కా."

"చెప్పు."

"యాతన అన్నచోట యాతన్ అని పొల్లు పెట్టారు. లాలన కూడా. చాలామంది పెట్టారు."

సూర్యకుమారి మర్నాడు తరగతిలో, "ఎవరే ఇది రాసింది? తెలుగు మాట చివర పొల్లేమిటి?" అని గద్దించింది. ముందు వరసలో ఉండే ఒక పిల్ల లేచి నిలబడింది. చప్పుడును బట్టి తెలిసింది.

"మీరు అలాగే చెప్పారండీ టీచర్," అంది ఆ పిల్ల భయపడుతూ. "మాకు తెలియని మాటలు కదాండీ. మీరెలా అంటే అలాగే రాశాం."

"నేనా?"

వెనక బెంచీ నుంచి ఎవరో మెల్లిగా, "అవునండీ," అన్నారు.

ఆమె కుర్చీలో కూర్చుంది. పిల్లల్ని ఆ మాటలు కొట్టేసి మళ్లీ రాసుకోమంది. ఒక్కో మాటా నిదానంగా, చివరి అచ్చు సాగదీసి మరీ చెప్పింది. సాగదీయడం కూడా తప్పేనని, మామూలుగా పలికితే చాలని ఆమెకి తెలుసు. కాని మామూలుగా పలికితే ఎలా వస్తుందో అన్న భయం నోటికి అడ్డం పడింది. ఆ వారం నుంచి ఉక్తలేఖనం వాణి చేత చెప్పిస్తోంది. లెక్కల టీచరు తెలుగు మాటలు చెప్పడమేమిటని పిల్లలు అడగలేదు.

ఇంట్లో నాలుగు రోజులు లాప్‌టాప్ మూసే ఉంచింది. ఐదో రోజున పరీక్ష పేపరు పంపమని ఉత్తరువు వచ్చింది. తెరిచింది.

మార్చి మొదటి వారంలో ఆమెకి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. చిన్నపిల్ల గొంతు. పేరు నవ్యశ్రీ అంది. బందరులో డిగ్రీ చదువుతోందట, తనకీ పుట్టుకతో చూపు లేదట.

"మీరు రాసిన చిలుక నియమాలు చదివానండీ. గుడివాడ సార్ నెట్‌లో పెట్టారు కదా, అవి. మా ఫ్రెండు చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఎంత బాగా రాశారండీ! ఇంతవరకూ ఏ సాఫ్ట్‌వేర్ గురించీ నాకిలా అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదండీ."

"సంతోషం అమ్మా," అంది సూర్యకుమారి. నిజంగానే ఒక్క క్షణం సంతోషం కలిగింది.

"అయితే మేడమ్, దాన్ని ఎక్కడ్నుంచి దించుకోవాలండీ? ఆ ఒక్కటే అందులో కనపడలేదు."

"అది ఇప్పుడు పనిచెయ్యదమ్మా. కొత్త కంప్యూటర్లలో ఎక్కదు. మేం రాసింది పోయినదాని గురించి."

అవతల ఎక్కడో ఫ్యాను తిరుగుతోంది.

"మరి మీరేం వాడుతున్నారండీ?"

"అందరూ వాడేదే. కొత్తదే."

"నేనూ అదే పెట్టుకున్నానండీ. రెండు పేజీలు వింటే తలనొప్పి వచ్చేస్తోంది. కొన్నాళ్లు పోతే అలవాటవుతుందాండీ?"

స్టాఫ్ రూములో మిగతావాళ్లు లేచి తరగతులకి వెళ్తున్నారు. కుర్చీలు జరుగుతున్నాయి. ఈ పిల్లకి ఏం చెప్పాలి? అలవాటు కాకుండా చూసుకో అని చెబితే, దేనితో చదువుకుంటుంది?

"అవుతుందమ్మా," అంది సూర్యకుమారి. "అలవాటవుతుంది."

"థాంక్స్ అండీ," అంది నవ్యశ్రీ, కొంచెం తేలికపడ్డ గొంతుతో.

సూర్యకుమారి ఫోను సంచీలో వేసుకుని, కర్ర అందుకుని ఎనిమిదో తరగతికి బయల్దేరింది.